వరద, కెమెరా, మనిషి మర్యాద: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం మొదలైతే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. "అన్నా, మా ఊరి చెరువు మత్తడి దుంకుతోంది, పేపర్ల రాయి" అనేది ఒకటి. రెండోది వారం తర్వాత వస్తుంది: "అన్నా, మా చిన్నమ్మ ఏడ్చే వీడియో యూట్యూబ్‌ల పెట్టిండ్రు, తీయించుడెట్ల?" మొదటి ఫోన్‌కు జవాబు చెప్పేవాళ్లు మండలానికి పదిమంది ఉన్నారు. రెండోదానికి ఎవరూ దొరకరు. ఈ ప్రశ్నలు, జవాబులు అందుకే. హనుమకొండలో ఉండి పదహారేళ్లు ఒక దినపత్రికకు వార్తలు పంపాను, ఎక్కువ కాలం కంట్రిబ్యూటర్‌గానే, అంటే జీతం లేకుండా వార్తకు ఇంతని. కింద చెప్పిన తప్పుల్లో కొన్ని నేను చేసినవే. వరసగా చదవక్కర్లేదు, మీకు అక్కరున్న ప్రశ్న దగ్గరికి పోండి.

మన దగ్గర సముద్రం లేదు, తుపాను షెల్టర్లు లేవు. ఈ గొడవంతా కోస్తా వాళ్లది కదా?

2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. డాబాలెక్కిన జనాన్ని పడవలతో, హెలికాప్టర్లతో దించారు. ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్నవాగు ముంచింది, ప్రాణాలు పోయాయి. రెండు రోజులకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను ఎక్కడో తీరం దాటింది, మునిగింది మాత్రం వరంగల్, హనుమకొండ కాలనీలు. ఇంకా కోస్తా వాళ్ల గొడవ అంటే ఎట్లా?

పైగా మన వరదకు ఒక తేడా ఉంది. కోస్తాలో తుపాను వస్తోందని రెండు మూడు రోజుల ముందే చెబుతారు. జనం సర్దుకుని షెల్టర్లకు చేరతారు. మన వాగులు చెప్పి రావు. పైన ఎక్కడో కొట్టిన వాన అర్ధరాత్రి దాటాక ఊళ్లోకి వస్తుంది. తెల్లారి విలేకరి వెళ్లేసరికి మనుషులు పడుకున్న బట్టలతోనే డాబా మీద ఉంటారు. ఇంట్లోవాళ్లు అందరూ ఉన్నారో లేదో ఇంకా లెక్క తేలదు. సరిగ్గా ఆ గంటలోనే మనం "చెప్పండమ్మా" అని మైకు పెడతాం. వద్దు అనడానికి కూడా మనిషికి ఓపిక ఉండని సమయం అది. ఈ పేజీలో సగం ప్రశ్నలు ఆ ఒక్క గంట చుట్టే తిరుగుతాయి.

అయితే వరద దృశ్యాలు చూపించొద్దంటారా?

చూపించాలి. డాబా మీద చేతులూపుతున్న జనం బొమ్మ చూస్తే పడవ పంపాల్సినవాళ్లకు పడవ పంపాలని తెలుస్తుంది. తెగిన కట్ట బొమ్మ చూసి దిగువ కాలనీ వాళ్లు సామాను పైకెక్కించుకుంటారు. మధ్యాహ్నం రెండింటికి పునరావాస కేంద్రంలో గుండెలు బాదుకుంటున్న తల్లి మొహాన్ని దగ్గరగా తీసి, వెనక సంగీతం పెట్టి, నాలుగుసార్లు తిప్పి వేస్తే దాన్ని చూసినవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. డెస్కులో, అంటే వచ్చిన వార్తలను దిద్ది వేసేచోట, కూర్చున్నవాళ్లకు నేను చెప్పే కొలత ఇదొక్కటే: ఈ బొమ్మ చూసి ఎవరైనా ఏదైనా చేయగలరా? చేయగలిగితే పెద్దగా వేయండి.

"ఎట్లనిపిస్తోంది?" అని అడిగితే తప్పేముంది?

2023 జూలైలో హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీలో నీళ్లు నడుము నుంచి మోకాళ్లకు దిగిన రోజు. ఒక అవ్వ మెట్ల మీద గోనెసంచి పరిచి నానిన బియ్యం ఆరబోస్తోంది. బియ్యం ఉబ్బి, పులిసిన వాసన వస్తున్నాయి. నేను అడిగాను, ఆమె చెప్పింది. చెబుతూ ఒకచోట కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కనున్న వీడియో తమ్ముడు "అన్నా, లైటు సరిగా లేదు, మళ్లొక్కసారి" అన్నాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. మొదటిసారి ఏ మాట దగ్గర కళ్లు తుడుచుకుందో రెండోసారీ సరిగ్గా అదే మాట దగ్గర తుడుచుకుంది. ఇంతలో ఇంకో ఛానెల్ లోగో మైకుతో ఒక పిల్లగాడు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె బియ్యం మీది చేయి తీయకుండా ఆ పిల్లగాణ్ని అడిగింది: "ఏడ్వాల్నా బిడ్డా?"

అందులో వెటకారం లేదు. ఇంటికొచ్చినవాళ్లకు ఏం కావాలో కనుక్కునే పద్ధతిలోనే అడిగింది. ఆ తర్వాత "ఎట్లనిపిస్తోంది" అనే మాట నా నోటికి రాలేదు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి ఎన్నింటికి నీళ్లొచ్చినయ్? ముందుగాల ఎవరన్నా చెప్పిండ్రా, చాటింపు వేసిండ్రా? ఇంట్ల అందరు ఉన్నరా? బీపీ, షుగర్ గోలీలు కొట్టుకపోయినయా? ఇప్పుడు ఏం కావాలె? చివరి రెండు ప్రశ్నలు అడిగితే ఆ రోజు ఒక్క వీధిలోనే గోలీలు పోయిన ఇళ్లు ఐదు తేలాయి. వైద్య శిబిరం వాళ్లను ఏం అడగాలో నాకు అక్కడ తెలిసింది. ఏడుపు ఎట్లాగూ మధ్యలో వస్తుంది. వచ్చినప్పుడు మైకు దించండి.

ఆమె తలూపింది కదా, అది అనుమతి కాదా?

తలూపడం మన దగ్గర మర్యాద. లోగో ఉన్న మైకు చూస్తే చాలామంది పెద్దవాళ్లు ఆఫీసరే వచ్చాడనుకుంటారు. ములుగు, ఏటూరునాగారం అటవీ గ్రామాల్లో ఇంట్లో కోయ మాట్లాడే ముసలివాళ్లకు మన గబగబా తెలుగు సగమే అందుతుంది. సరే అన్నారంటే మన మాట విన్నారని మాత్రమే అర్థం.

2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు ఒక టీవీ విలేకరి బాధితుడి భుజాల మీద కూర్చుని, నీళ్ల మధ్య నుంచి వార్త చదివాడు. వీడియో బయటికొచ్చి ఉద్యోగం పోయింది. ఆ మనిషే గౌరవంతో నన్ను ఎత్తుకున్నాడు అని ఆయన ఇచ్చుకున్న వివరణ. అది నిజమే కావచ్చు కూడా. ఇల్లు మునిగినవాడు అతిథిని భుజాన మోస్తానంటే వద్దనాల్సింది ఎవరు?

కాబట్టి అడిగే పద్ధతి మార్చుకోవాలి. మైకు, ఫోను ముందు కిందికి దించండి. పేరు చెప్పండి, ఏ పత్రికో ఏ ఛానెలో చెప్పండి. "ఇది టీవీలనే కాదు అవ్వా, ఫోన్లల్ల కూడా వస్తది, మీ చుట్టాలు చూస్తరు, ఏండ్లకేండ్లు ఉంటది" అని చెప్పండి. "వద్దంటే ఏం గాదు, సాయం ఆగదు" అనే మాట తప్పకుండా అనండి. పేరు వద్దు, మొహం వద్దు, మాట ఒక్కటే చెబుతానంటే అట్లాగే తీసుకోండి. వీలైతే సాయంత్రం మరోసారి అడగండి. పొద్దున సరేనన్న మనిషి కాస్త తిని, బట్టలు మార్చుకున్నాక వద్దనవచ్చు. అప్పుడు తీసేయాలి. "డెస్కుకు పోయింది, నా చేతుల లేదు" అని నేను కూడా చెప్పినవాణ్ణే. ఫోన్ చేస్తే చాలాసార్లు డెస్కువాళ్లు తీసేస్తారు. మనం చేయం, అంతే.

కెమెరా ముందు మాట్లాడకపోతే నష్టపరిహారం రాదని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

అబద్ధం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే అబద్ధం కూడా ఇదే, ఎందుకంటే కొన్నిసార్లు దీన్ని పుట్టించేది మా వాళ్లే: "చెప్పమ్మా, చెప్తేనే కలెక్టర్ చూస్తడు."

పరిహారం కాగితాల మీద నడుస్తుంది. మనిషి చనిపోతే పోలీసుల కేసు, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, తహసీల్దార్ నివేదిక కావాలి. 2024 వరదల తర్వాత రాష్ట్రంలో మృతుల కుటుంబాలకు ఇచ్చే మొత్తాన్ని 4 లక్షల నుంచి 5 లక్షల రూపాయలకు పెంచుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఇల్లు కూలితే రెవెన్యూ సిబ్బంది వచ్చి రాసుకుంటారు. పంట పోతే వ్యవసాయ విస్తరణాధికారి సర్వే చేస్తారు. విపత్తు సాయం నిబంధనల్లో 33 శాతం, అంతకు మించి పోయిన పంటనే లెక్కలోకి తీసుకుంటారు. వీటిలో ఎక్కడా టీవీ బైట్, అంటే కెమెరా ముందు చెప్పిన మాట, అనే కాలమ్ లేదు.

మీరు చేయాల్సింది ఒకటుంది. బురద కడిగేయక ముందే గోడ మీద నీళ్లెక్కిన గీత, పడిపోయిన గోడ, చచ్చిపోయిన బర్రె, ఇసుక మేట వేసిన పొలం, వీటిని మీ ఫోన్లో మీరే తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలు సర్వేకు వచ్చినవాళ్లకు పనికొస్తాయి. ఏ విలేకరికీ ఇవ్వాల్సిన పని లేదు.

శవాలను చూపించొచ్చా?

టీవీకైతే సూటిగానే చెప్పారు. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2023 జనవరి 9న ఛానెళ్లకు ఇచ్చిన సూచనలో మృతదేహాలను, రక్తపు గాయాలతో ఉన్నవాళ్లను దగ్గర నుంచి, మసక చేయకుండా చూపడం టీవీ ప్రసారాల నియమావళి అయిన ప్రోగ్రామ్ కోడ్‌కు విరుద్ధమని గుర్తుచేసింది. పత్రికలకు ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలున్నాయి.

నియమాల సంగతి అట్లా ఉంచి మన ఊళ్లలో జరిగేది చూద్దాం. వాగులో ముళ్లకంపకు తట్టుకున్న శవాన్ని తీస్తుంటారు. చుట్టూ యాభై ఫోన్లు. గుర్తుపట్టడానికి కొడుకు ఇంకా దారిలో ఉంటాడు, బొమ్మ అప్పటికే మండల గ్రూపులో ఉంటుంది. తండ్రి పోయిన సంగతి కొడుక్కి ఫోన్ తెర మీద తెలుస్తుంది. ఇది ఊహించి రాయడం లేదు.

నేను పాటించేది: ఒడ్డున నిలబడ్డ జనాన్ని, తాళ్లు పట్టుకున్నవాళ్లను తీస్తాను. శవం మీద బట్ట కప్పాకనే కెమెరా అటు తిప్పుతాను. మార్చురీ దగ్గర లోపలికి పోను, గేటు దగ్గరే నిలబడతాను. మృతుడి ఫొటో కావాలంటే ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు ఇచ్చిన పాస్‌పోర్టు ఫొటోనే వాడతాను. ఫేస్‌బుక్ నుంచి గుంజుకోను. పెళ్లి ఫొటోలో భార్య, మరదలు, పక్కింటి పిల్ల కూడా ఉంటారు, వాళ్లను ఎవరూ అడగలేదు.

గల్లంతైనవాళ్ల పేర్లు ఎప్పుడు రాయాలి?

పోలీసులో, రెవెన్యూ వాళ్లో ఇచ్చాక, ఇంటివాళ్లకు తెలుసని ఖాయం చేసుకున్నాక.

ఒక ఏడు వరదల్లో నేను మూడు పేర్లు పంపాను. వాట్సాప్‌లో సర్పంచి బంధువు పెట్టిన జాబితా అది. మన ఊళ్లల్లో సగం మందికి ఒకటే ఇంటిపేరు, తాత పేరే మనుమడికి పెడతారు. మూడో పేరు మనిషి ఆ రాత్రి పరకాలలో అత్తగారింట్లో నిద్రపోతున్నాడు. పేపర్ చూసి ఆయన అక్క కరీంనగర్ నుంచి ఆటోలో శోకం పెట్టుకుంటూ వచ్చింది. తమ్ముడు గడపలో నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని పట్టుకుని ఏడ్చి, తర్వాత నా దగ్గరికి వచ్చి ఒక్క దెబ్బ కొట్టింది. మరునాడు నాలుగు లైన్ల సవరణ వేశాం, లోపలి పేజీలో.

గల్లంతైనవాళ్ల కోసం ఇంటివాళ్ల ఫోన్ నంబరు వేయకండి. ఒక్క పూటలో డబ్బులడిగే మోసగాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "మీ అబ్బాయి మా దగ్గరున్నడు, ఆసుపత్రి ఖర్చుకు ఫోన్‌పే చేయండి" అంటారు. ఠాణా నంబరో, కంట్రోల్ రూం నంబరో వేయండి, లేదంటే అత్యవసర నంబరు 112.

పిల్లలతో మాట్లాడొచ్చా?

అమ్మానాన్న పోయిన పిల్లలతోనైతే వద్దు. ఏ సర్దుబాటూ లేదు. బాల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో లాంటి గుర్తింపు వివరాలు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొహం మసక చేసి, కింద "ఫలానా తండా, ఫలానా బడి, నాలుగో తరగతి" అని రాస్తే ఆ మసకకు అర్థం లేదు. తండాలో నాలుగో తరగతి పిల్లలు ఎంతమంది ఉంటారు?

మిగతా పిల్లలైనా తల్లిదండ్రుల ఎదుటే, కూర్చుని, పిల్లల ఎత్తుకు వచ్చి. "రాత్రి ఏం జరిగిందో చెప్పు నాన్నా" అని మాత్రం అడగకండి. దిక్కులేని పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం మొదటి పని.

తడిసిన కాగితాలు ఆరబెట్టుకుంటున్న ఫొటో వేశాం. దాంట్లో తప్పేముంది?

మంచి ఫొటోనే. వరద పోయాక ప్రతి కాలనీలో కనిపించేదే: చాప మీద పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లగాడి పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం, గ్యాస్ బుక్కు, గాలికి పోకుండా ఒక్కోదాని మీద ఒక గులకరాయి. ఫొటోను కొంచెం పెద్దది చేసి చూడండి. ఆధార్ నంబరు పన్నెండు అంకెలూ చదవొచ్చు. బ్యాంకు ఖాతా నంబరు కూడా. మేం అట్లాంటి ఫొటో ఒకటి మూడు కాలమ్‌ల వెడల్పున వేశాం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చేసేంత తీరిక వాళ్లకు లేదు. అంకెలు పడకుండా పక్కనుంచి తీయండి, లేదా వాటిని మసక చేయండి.

పునరావాస కేంద్రంలోకి వెళ్లి తీయొచ్చా? అది ప్రభుత్వ బడే కదా.

బడి ప్రభుత్వానిదే, ఆ వారం మాత్రం అది నలభై కుటుంబాల ఇల్లు. ఇంట్లోకి పోయినట్టే గుమ్మం దగ్గర ఆగి అడగాలి. ఆడవాళ్లు పడుకున్న గది, స్నానాలకు చీరలు అడ్డం కట్టిన మూల, బాలింతలున్న చోటు, అక్కడ కెమెరా ఎత్తే పనే లేదు. బట్టలు మార్చుకుంటున్నప్పుడో, స్నానం చేస్తున్నప్పుడో స్త్రీని చాటుగా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. చాటుగా తీయలేదు, డ్రోన్ అటు పోతుంటే పడిందంటారా? డ్రోన్ ఎగరేసేవాళ్లకు ఒక మాట: నీళ్లలో తడిసి డాబా మీద ముడుచుకు కూర్చున్న ఆడవాళ్ల మీదికి దాన్ని దించి ఆపకండి. ఊరు మునిగిన సంగతి పై నుంచే తెలుస్తుంది.

పాత వీడియోలు కొత్తగా తిరుగుతుంటాయి. గుర్తుపట్టేదెట్లా?

టీవీలకు దీని మీద కూడా సూచన ఉంది. ప్రకృతి విపత్తుల దృశ్యాలు రోజుల తరబడి తిప్పి వేస్తుంటే పరిస్థితి ఇంకా అట్లాగే ఉందని జనం భయపడుతున్నారని, దృశ్యం మీద తేదీ, సమయం వేయాలని కేంద్రం 2024 ఆగస్టులో ఛానెళ్లకు చెప్పింది. తెర మీద తేదీ లేకుంటే అనుమానించండి.

ఫోన్లో వచ్చినవాటికి చిన్న చిట్కాలు: దుకాణం బోర్డు మీది భాష చూడండి, బండి నంబరు ప్లేటు చూడండి, వీడియోలో మాటల యాస వినండి. వరంగల్ అని రాసి ఉన్న వీడియోలో మలయాళం వినబడిన సందర్భాలున్నాయి. ఇప్పుడు కృత్రిమ మేధతో చేసినవీ వస్తున్నాయి. నీళ్లలో బోర్డుల మీద అక్షరాలు అర్థం లేకుండా కలిసిపోయి ఉంటే అది తయారుచేసిన బొమ్మే కావచ్చు.

అన్నిటికంటే ప్రమాదం "కట్ట తెగింది, పారిపోండి" అనే ఆడియో. భద్రకాళి కట్టకు నిజంగానే గండి పడిన ఊరు ఇది. ఇక్కడ ఆ మాటకు అర్ధరాత్రి జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కుతారు. విపత్తు గురించి, దాని తీవ్రత గురించి తప్పుడు హెచ్చరిక వ్యాప్తి చేసి భయపెడితే విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా. "ఫార్వర్డ్ చేసిన అంతే" అనేది కాపాడుతుందని అనుకోకండి.

సాయం చేసేటప్పుడు ఫొటో దిగితే తప్పా? దాతలకు లెక్క చూపాలి కదా.

లెక్కకు బియ్యం బస్తాల ఫొటో, కొన్న బిల్లు, పంచిన ఇళ్ల జాబితా సరిపోతాయి. ఐదు కిలోల సంచికి ఏడు చేతులు తగిలించి, పట్టుకున్న అవ్వను "ఇటు చూడు, నవ్వు" అనడం లెక్క కోసం కాదు. వేయకపోతే నాయకుడికి కోపం వస్తుందని జిల్లా పేజీలో నేను అట్లాంటివి లెక్కలేనన్ని వేశాను.

పడవలో, హెలికాప్టర్‌లో విలేకరి ఎక్కొచ్చా?

జనం ఇంకా నీళ్లలో ఉండగా వద్దు. మీరు కూర్చుంటే ఒక మనిషి ఆగాల్సిందే. 2015లో నేపాల్ భూకంపం తర్వాత మన టీవీల మీద అక్కడివాళ్లు ఎంత విసిగిపోయారంటే "భారత మీడియా, ఇంటికి వెళ్లిపో" అనే మాట సామాజిక మాధ్యమాల్లో మారుమోగింది.

మీ ప్రాణం సంగతి కూడా చూసుకోండి. 2022 జూలైలో జగిత్యాల జిల్లాలో వరద వార్త కోసం వెళ్లిన ఒక టీవీ విలేకరి కారుతో సహా వాగులో కొట్టుకుపోయారు. లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే దాటొద్దని రోజుకు పదిసార్లు రాసేది మనమే. బ్రేకింగ్ కోసం దాటేదీ మనమే.

అన్నీ బాగున్నాయి. "వాళ్లకు ఏడుపు బైట్ వచ్చింది, మనకెందుకు రాలేదు" అని డెస్కు నుంచి ఫోన్ వస్తే?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంతా కంట్రిబ్యూటర్లు, స్ట్రింగర్లే. జీతం ఉండదు, ఐటెంకు లెక్క. పెట్రోలు సొంతం. పైనుంచి అడిగేవాడికి వరద కనిపించేది పక్క ఛానెల్ తెర మీద. ఇట్లాంటివాళ్లకు నీతులు చెప్పి లాభం లేదు. నాకు పనిచేసిన ఉపాయం చెబుతాను: బదులు ఇంకోటి పంపాలి. "ఏడుపు లేదన్నా, కానీ వాగు మీద వంతెన ఎత్తు పెంచాలని ఊరోళ్లు పెట్టిన అర్జీ కాగితం దొరికింది" అంటే డెస్కు నోరు మూతపడుతుంది. అర్జీ, పాత తీర్మానం, తూము రిపేరు ఎస్టిమేటు, ఇట్లాంటి కాగితం ఒకటి ప్రతి ఊళ్లో ఎవరో ఒకరి బీరువాలో ఉంటుంది. దాన్ని పట్టుకునే విలేకరికి ఏడుపుతో పని పడదు.

పంపేటప్పుడే "మొహం చూపొద్దన్నారు" అని ఐటెం మొదటి లైన్లో రాయండి. రాయకుండా పంపి తర్వాత బాధపడితే తప్పు డెస్కుది కాదు.

మావాళ్ల వీడియో, ఫొటో తీయించాలంటే ఎవరికి చెప్పాలి?

ముందు దాచుకోండి: లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్, వీలైతే వీడియో కాపీ. తీసేశాక ఫిర్యాదుకు ఆధారం మిగలదు.

పత్రికైతే మొదట సంపాదకుడికి రాతపూర్వకంగా రాయాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దినపత్రికలు, వారపత్రికల మీదైతే అచ్చయిన రెండు నెలల్లోపు పంపాలి. జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కు లేదు, మందలించగలదు, అభిశంసించగలదు.

టీవీ అయితే ఛానెల్‌కే మొదటి ఫిర్యాదు. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఆ ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు 15 రోజుల్లో అప్పీలు. ఆ పైన కేంద్రం.

యూట్యూబ్‌లో గోప్యత ఫిర్యాదుకు వేరే ఫారం ఉంది. వీడియోలో ఉన్న మనిషే పెట్టాలి. చనిపోయినవాళ్ల తరఫున దగ్గరి బంధువు, పిల్లల తరఫున పెద్దవాళ్లు పెట్టొచ్చు. మొహమో పేరో ఎన్ని నిమిషాల దగ్గర కనిపిస్తుందో రాయండి. ఆ వేదికలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు.

ఇవన్నీ చేసే ముందు, పెట్టినవాడు లోకల్ కుర్రాడే అయితే ఇంటికెళ్లి అడగండి. సగం సార్లు అక్కడే అయిపోతుంది. తిట్టకుండా, వాళ్ల అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు అడగడం మంచిది.

వీడియో చూసినప్పటి నుంచి మా అమ్మ నిద్రపోవడం లేదు.

14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు అది, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఆ వీడియో ఎవరి ఫోన్లోనైనా ఉంటే తీసేయండి.

నేను విలేకరిని కాదు, ఫోన్లో తీసి గ్రూపులో పెట్టాను. నాకు ఇవన్నీ వర్తిస్తాయా?

నీళ్లలో ఉన్న మనిషికి మీరెవరో, మేమెవరో తేడా తెలియదు. సాయం కావాల్సిన వీడియో అయితే 112కు ఫోన్ చేసి, తర్వాత పోలీసులకు పంపండి. గ్రూపు చివరి సంగతి.

వరద పోయాక మళ్లీ వెళ్లాలా? గాయాన్ని కెలికినట్టు కాదా?

వెళ్లాలి. ఎప్పుడు వెళతారనేదే ముఖ్యం. మనిషి పోయిన ఇంటికి మూడోనాడు పిట్టకు పెట్టే దగ్గరికి కెమెరాతో పోకండి. పెద్దకర్మ అయ్యాక, ఫోన్ చేసి, ఖాళీ చేతులతో పోండి. "ఏడాది గడిచింది" అనే వార్తకైతే పొలంలో ఇసుక మేటలు తీశారా, కొట్టుకుపోయిన మోటరు వచ్చిందా, వంతెన మీద కంకర పోశారా, పరిహారం ఖాతాలో పడిందా, ఇవి చూడండి. ఏడాది తర్వాత అదే తల్లిని అదే గడపలో కూర్చోబెట్టి పాత ఫొటో చేతిలో పెట్టి తీసే పద్ధతి ఒకటుంది, దయచేసి మానేయండి.

హంటర్ రోడ్డు వైపు ఆ అవ్వ ఇంటికి దసరా ముందు ఒకసారి వెళ్లాను. గోడ మీద నీళ్ల గీతను సున్నంతో కప్పినా లేతగా తెలుస్తోంది. వీడియో సంగతి నేనే ఎత్తాను, తీయించమంటారా అని. మనుమడు చూపించాడట. "నా కొంగు మంచిగ లేకుండె" అని ఊరుకుంది. కాసేపటికి తీయించమంది. చాయ్ తాగుతుంటే ఆమె అడిగింది వేరే: మనుమడి పదో తరగతి మెమో నీళ్లలో ముద్దయింది, ఇంకోటి ఎక్కడిస్తారు? చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలని చెప్పాను. ఆ కాలనీలో అట్లాంటి పిల్లలు ఇంకా ఉన్నారంది. వాళ్ల ఇళ్లు తిరిగి, దరఖాస్తు ఎట్లా పెట్టాలో రాసి పంపాను. సింగిల్ కాలమ్‌లో, ఫొటో లేకుండా వచ్చింది.